లాగ్‌నేమ్ కొడితే నా పేరు బదులు సహోద్యోగి పేరు వస్తోంది (రెడ్‌హ్యాట్ లినక్స్, టీమక్స్)

ప్రొడ్‌సపోర్ట్ వేణు

నమస్కారమండీ. ఈ సమస్య మా టీమ్‌లో ఒకరి ఉద్యోగం మీదికి వచ్చేలా ఉంది, అందుకే వివరంగా రాస్తున్నాను.

మా అప్లికేషన్ పాత ఏఐఎక్స్ (ఐబీఎం యునిక్స్) మెషీన్ల నుంచి లినక్స్‌కి మారింది. టీమ్‌లో ఎవరి ఐడీ వాళ్లకుంది. సొంత ఐడీతో ఎస్ఎస్‌హెచ్ చేసి, `సుడో ఎస్‌యూ - యాప్‌యూజర్` కొట్టి అందరం వాడే యాప్‌యూజర్ ఖాతాలోకి మారి, టీమక్స్‌కి (నెట్ తెగినా షెల్‌ని బతికించి ఉంచే ప్రోగ్రామ్) అటాచ్ అయి పని చేస్తాం. డిప్లాయ్‌మెంట్ స్క్రిప్టు తనని నడిపిందెవరో కనుక్కుని లాగ్‌లో రాస్తుంది. ఏఐఎక్స్‌లో ఉన్నప్పుడు ఆ స్క్రిప్టులో `హూ ఆమ్ ఐ` ఉండేది. లినక్స్‌కి వచ్చాక అది ఖాళీగా వస్తోందని ఎవరో `లాగ్‌నేమ్` పెట్టారు.

శనివారం రాత్రి రిలీజ్ చేసింది నేను. లాగ్‌లో పడింది మా సహోద్యోగిని పేరు. ఆవిడ ఆ రోజు సెలవులో ఉన్నారు. పాస్‌వర్డ్ ఎవరికైనా ఇచ్చావా అని ఆడిట్ వాళ్లు ఆవిడని అడుగుతున్నారు. నాకు ఆవిడ పాస్‌వర్డ్ తెలియదు, వాడలేదు.

టీమక్స్ లోపల నాకు వస్తున్నది ఇదీ:

`హూయామై` → యాప్‌యూజర్
`ఎకో $యూజర్` → యాప్‌యూజర్
`హూ ఆమ్ ఐ` → ఏమీ రాదు
`లాగ్‌నేమ్` → ఆవిడ ఐడీ

ఒకే టెర్మినల్‌లో ఇన్ని జవాబులు ఎలా వస్తాయి?

కొత్తపేట కిరణ్

బ్రో, ఎస్ఎస్ఎస్‌డీ (యూజర్ల వివరాలు తెచ్చిపెట్టే సర్వీస్) క్యాష్ పాడైపోయి ఉంటుంది. `ఎస్ఎస్ఎస్_క్యాష్ -ఈ` కొట్టి మళ్లీ లాగిన్ అయి చూడండి. ఒకే యూఐడీ (యూజర్ నంబర్) ఇద్దరికి ఉన్నా ఇలాగే జరుగుతుంది. `గెట్‌ఎంట్ పాస్‌వర్డ్` ఇచ్చే లిస్టులో డూప్లికేట్ ఉందేమో చూడండి.

శారద (మోడరేటర్)

వేణు గారూ, క్యాష్ జోలికి ఇప్పుడే పోకండి. ఆడిట్ విచారణ నడుస్తున్నప్పుడు ఆధారాలు చెరిగిపోయే పని ఏదీ చేయకూడదు. టీమక్స్ సెషన్‌ని కూడా చంపకండి.

కిరణ్ గారు చెప్పిన డూప్లికేట్ యూఐడీ నిజంగానే ఉండే జబ్బు. కానీ అదే అయితే యాప్‌యూజర్‌గా మారకముందు కొట్టిన హూయామై కూడా తప్పు పేరే చెప్పే అవకాశం ఉంది. ఇక్కడ లాగ్‌నేమ్ ఒక్కటే తప్పుతోంది.

ఈ మూడూ పంపండి. మొదటిది టీమక్స్ బయటా లోపలా రెండు చోట్లా కావాలి.

`క్యాట్ /ప్రాక్/సెల్ఫ్/లాగిన్‌యూఐడీ`
`టీటీవై`
`పీఎస్ -ఈఎఫ్` లో టీమక్స్ సర్వర్ ప్రాసెస్ ఎప్పుడు మొదలైందో

ప్రొడ్‌సపోర్ట్ వేణు

టీమక్స్ బయట, అంటే యాప్‌యూజర్‌గా మారాక కానీ అటాచ్ అవకముందు: 1012. అది నా యూఐడీ.
టీమక్స్ లోపల: 1007. అది ఆవిడది!
టీటీవై బయట పీటీఎస్/3, లోపల పీటీఎస్/9.
టీమక్స్ సర్వర్ మొదలైంది ఆవిడ సెలవు పెట్టక ముందు, పనిరోజు పొద్దున.

మేడమ్, చేతులు వణుకుతున్నాయి. దీనర్థం ఏంటి?

శారద (మోడరేటర్)

మీ సహోద్యోగిని ఏ తప్పూ చేయలేదని అర్థం. మీరూ చేయలేదు. ఎందుకో పాతకాపు గారు నాకంటే బాగా చెబుతారు.

పాతకాపు

వేణూ, ముందు ఆవిడకి ఫోన్ చేసి ధైర్యం చెప్పు. తర్వాత ఇది చదువు.

యునిక్స్‌లో "నువ్వెవరు" అనే ప్రశ్నకి జవాబు ఒక్క చోట ఉండదు. కనీసం అయిదు చోట్ల ఉంటుంది. ఒక్కో కమాండ్ ఒక్కో చోట వెతుకుతుంది.

హూయామై చూసేది ప్రాసెస్ ఎఫెక్టివ్ యూఐడీని. ఈ క్షణాన కెర్నెల్ నీకు ఏ హక్కులు ఇస్తోందో అదే. `ఐడీ -యూఎన్` కొట్టినా అదే వస్తుంది. ఫైల్ తెరవొచ్చా లేదా అన్నది తేలేది దీంతోనే, కాబట్టి ఇది అబద్ధం చెప్పదు. కానీ తలుపు దగ్గర లోపలికి వచ్చిందెవరో దీనికి తెలియదు.

$యూజర్, $లాగ్‌నేమ్ అనేవి ఉత్త అక్షరాలు. `యూజర్=రూట్` అని టైప్ చేసి ఎకో కొడితే రూట్ అనే వస్తుంది. పైగా లినక్స్‌లో డ్యాష్ లేకుండా ఉత్త `ఎస్‌యూ` కొట్టి రూట్ అయితే ఈ రెండూ మారవు, పాత పేరే ఉంటుంది. వేరే యూజర్‌కి మారితే మారతాయి. ఈ తేడా వల్ల చెడిపోయిన స్క్రిప్టులు నా సర్వీసులో చాలా చూశాను. వీటిని నమ్మి భద్రతకి సంబంధించిన నిర్ణయం ఏదీ తీసుకోకూడదు.

హూ ఆమ్ ఐ చూసేది యూటీఎంపీ అనే ఫైలు. ఫలానా టెర్మినల్ మీద ఫలానా మనిషి లాగిన్ అయ్యాడు అని లాగిన్ ప్రోగ్రాములు అందులో రాసిపెడతాయి. నీ స్టాండర్డ్ ఇన్‌పుట్ ఏ టెర్మినల్‌కి తగిలి ఉందో చూసి, ఆ వరుస వెతికి చెబుతుంది. అది `హూ -ఎం` కి ఇంకో రూపం. గ్నూ హూ అయితే ఏ రెండు మాటలిచ్చినా అదే పని చేస్తుంది. `హూ నేను ఎవరు` అని కొట్టి చూడండి, వస్తుంది. ఏఐఎక్స్‌లో మీ స్క్రిప్టు బాగా నడిచిందీ ఇందుకే: ఎస్‌యూ చేసినా టెర్మినల్ మారదు, వరుస మారదు, అసలు మనిషి పేరే వస్తుంది. ఇక్కడ టీమక్స్ ప్రతి కిటికీకీ కొత్త టెర్మినల్ పుట్టిస్తుంది. నీది పీటీఎస్/9. యూటీఎంపీలో రాసే వసతి కలిపి కట్టకపోతే టీమక్స్ ఆ టెర్మినల్ గురించి అందులో ఏమీ రాయదు. వరుస లేదు, అందుకే ఖాళీ.

ఇక లాగ్‌నేమ్. ఇది లోపల గెట్‌లాగిన్ అనే ఫంక్షన్‌ని పిలుస్తుంది. లినక్స్‌లో మామూలుగా ఉండే సీ లైబ్రరీ జీలిబ్‌సీలో ఆ ఫంక్షన్ ముందు లాగిన్‌యూఐడీని చదువుతుంది. ఆ ఫైలే లేకపోతే యూటీఎంపీకి పోతుంది. లాగిన్‌యూఐడీ అన్నది కెర్నెల్ ప్రతి ప్రాసెస్‌కీ పెట్టే గుర్తు. ఎస్ఎస్‌హెచ్ దగ్గరో, కన్సోల్ లాగిన్ దగ్గరో `ప్యామ్_లాగిన్‌యూఐడీ` అనే మాడ్యూల్ ఒక్కసారి రాస్తుంది. తర్వాత సుడో చేసినా, ఎస్‌యూ చేసినా మారదు. ఆడిట్ లాగుల్లో ఏయూఐడీ అని కనిపించేది ఇదే. ఇది ఇంటిపేరు లాంటిది, తల్లి ప్రాసెస్ నుంచి పిల్ల ప్రాసెస్‌కి వస్తుంది.

ఇప్పుడు నీ సంగతి. యాప్‌యూజర్‌గా మారిన వాళ్లందరికీ టీమక్స్ సాకెట్ ఒక్కటే: టెంప్ డైరెక్టరీలో టీమక్స్-యూఐడీ ఫోల్డర్‌లో డిఫాల్ట్ అనే పేరుతో ఉంటుంది. ఆ పొద్దున మొదట టీమక్స్ తెరిచింది ఆవిడ. సర్వర్ ప్రాసెస్‌కి ఆవిడ లాగిన్‌యూఐడీ వచ్చింది. తర్వాత ఎవరు అటాచ్ అయినా, వాళ్ల వైపు నడిచేది కీబోర్డు అక్షరాలు మోసే చిన్న క్లయింట్ మాత్రమే. షెల్, దాంట్లో నువ్వు నడిపిన స్క్రిప్టు, అన్నీ సర్వర్ పిల్లలు. కొత్త కిటికీ తెరిచినా అంతే. అన్నిటికీ 1007 ముద్ర పడింది. సెషన్ నంబర్ కూడా ఆవిడదే ఉంటుంది, `/ప్రాక్/సెల్ఫ్/సెషన్‌ఐడీ` చూడు.

ప్రొడ్‌సపోర్ట్ వేణు

గురువుగారూ, ఇప్పుడు అర్థమైంది. ఆవిడకి ఫోన్ చేసి చెప్పాను. ఏడ్చేశారు. చాలా థ్యాంక్స్.

ఆడిట్ వాళ్లకి ఇది ఎలా నిరూపించాలి? "టీమక్స్ వల్ల" అంటే నమ్మరు.

శారద (మోడరేటర్)

మూడు ఆధారాలు కలపండి.

`/వార్/లాగ్/సెక్యూర్` లో మీ ఎస్ఎస్‌హెచ్ లాగిన్ టైమ్, ఆ తర్వాత మీ పేరుతో సుడో వరుస ఉంటాయి. సుడో వరుసలో టీటీవై, కొట్టిన కమాండ్ కూడా ఉంటాయి. ఆవిడ లాగిన్ ఆ రోజు లేదన్నది కూడా అదే ఫైల్ చెబుతుంది. లేకపోవడం కూడా ఆధారమే, అది తప్పకుండా చూపించండి.

మీ సర్వర్లో ఎగ్జిక్‌వీఈ ఆడిట్ రూల్ (నడిచిన ప్రతి కమాండ్‌నీ నమోదు చేసేది) ఉంటే అసలైన సాక్ష్యం అక్కడుంది. `టీమక్స్ అటాచ్` అనే కమాండ్ మీరు కొట్టింది మీ సొంత షెల్‌లో, అప్పటికి మీ లాగిన్‌యూఐడీ 1012. `ఏయూసెర్చ్ -యూఎల్ 1012 -ఐ` కొట్టి శనివారం రాత్రి వరుసలు తీయండి. ఆ అటాచ్ తర్వాత 1007 పేరుతో పనులు మొదలవడం వరుసగా కనిపిస్తుంది.

మూడోది, ఆడిట్ వాళ్ల ముందే చేసి చూపించడం. టెస్ట్ సర్వర్లో ఒకరు టీమక్స్ తెరవాలి, రెండో వారు అటాచ్ అయి లాగ్‌నేమ్ కొట్టాలి.

ఒక్క పరిమితి చెప్పాలి. ఒకే టైమ్‌లో ఇద్దరు అటాచ్ అయి ఉంటే, ఏ అక్షరం ఎవరు కొట్టారో ఈ రికార్డుల నుంచి తేల్చలేం. మీ కేసులో ఒక్కరే ఉన్నారు కాబట్టి ఇబ్బంది లేదు.

కొత్తపేట కిరణ్

అయితే `/ఈటీసీ/ప్యామ్.డీ/ఎస్‌యూ` లో ప్యామ్_లాగిన్‌యూఐడీ వరుస పెట్టేస్తే? ఎస్‌యూ కొట్టినప్పుడల్లా కొత్తగా రాస్తుంది కదా. గందరగోళం ఉండదు.

పాతకాపు

వద్దు కిరణ్, దయచేసి ఆ పని ఎవరూ చేయకండి. అలా చేస్తే లాగిన్‌యూఐడీ యాప్‌యూజర్ అయిపోతుంది. అసలు మనిషి ఎవరో చెప్పే ఒకే ఒక్క గుర్తు చెరిగిపోతుంది. టీమ్ మొత్తం ఒకే పేరు మీద నడుస్తుంది. ఆ మాడ్యూల్ మాన్యువల్ పేజీలోనే స్పష్టంగా రాశారు, సుడో, ఎస్‌యూ లాంటి వాటికి దీన్ని పెట్టకూడదని. అది మనుషులు లోపలికి వచ్చే ద్వారాల దగ్గర ఉండాలి: లాగిన్, ఎస్ఎస్‌హెచ్‌డీ, జీడీఎం, క్రాన్.

ఇంకో రకం కూడా చెబుతాను. సిస్టమ్‌డీ రాకముందు అడ్మిన్ లాగిన్ అయి `/ఈటీసీ/ఇనిట్.డీ` స్క్రిప్టుతో ఏదైనా సర్వీస్ రీస్టార్ట్ చేస్తే, ఆ సర్వీస్ అడ్మిన్ షెల్‌కి పిల్లగా పుట్టేది. నెలల తరబడి ఆ డెమన్ చేసే ప్రతి పనికీ ఆ అడ్మిన్ ఏయూఐడీ పడేది. ఇప్పుడు `సిస్టమ్‌సీటీఎల్ రీస్టార్ట్` కొడితే సర్వీస్‌ని పుట్టించేది 1వ నంబర్ ప్రాసెస్, కాబట్టి గుర్తు ఖాళీగా ఉంటుంది. ఖాళీ అంటే 4294967295 అని కనిపిస్తుంది. అది మైనస్ 1 కి సైన్ లేని 32 బిట్ల రూపం, ఎర్రర్ కాదు, భయపడొద్దు.

నిజామాబాద్ నరేష్

అన్నా, మధ్యల వస్తున్నందుకు ఏమనుకోకు. నాది కూడా పేరు పంచాయితే. జెంకిన్స్‌ల డాకర్ కంటైనర్ నడుస్తది, లోపలికి పోతే ప్రాంప్ట్ మీద "ఐ హ్యావ్ నో నేమ్!" అని వస్తుంది. గిట్ క్లోన్ కొడితే "నో యూజర్ ఎగ్జిస్ట్స్ ఫర్ యూఐడీ 1000" అని ఆగిపోతుంది. రూట్‌గ నడిపితే మంచిగనే పోతుంది, కానీ రూట్ వద్దంటున్నరు మా వాళ్లు.

శారద (మోడరేటర్)

నరేష్, మీ వాళ్లు రూట్ వద్దనడం సరైన మాటే. కెర్నెల్‌కి కావాల్సింది నంబర్ మాత్రమే, దానికి 1000 ఇచ్చారు, సంతోషంగా నడుస్తోంది. పేరు కావాల్సింది బ్యాష్‌కీ ఎస్ఎస్‌హెచ్‌కీ. అవి కంటైనర్ లోపలి `/ఈటీసీ/పాస్‌వర్డ్` లో 1000 కోసం వెతుకుతాయి, ఆ వరుస లేదు. బ్యాష్ ప్రాంప్ట్‌తో సరిపెట్టుకుంటుంది, ఎస్ఎస్‌హెచ్ మాత్రం మొండికేస్తుంది. ఇమేజ్ కట్టేటప్పుడే డాకర్‌ఫైల్‌లో `యూజర్‌యాడ్ -యూ 1000` పెట్టేయండి. నంబర్ ముందుగా తెలియకపోతే ఎంట్రీపాయింట్ స్క్రిప్టులో ఆ వరుస చేర్చాలి, లేదా ఎన్ఎస్ఎస్_వ్రాపర్ వాడాలి.

ఇదే మెసేజ్ మామూలు సర్వర్లో వస్తే కథ వేరు. ముందు `గెట్‌ఎంట్ పాస్‌వర్డ్ 1000` కొట్టండి. రూట్‌కి పేరు వచ్చి మామూలు యూజర్‌కి రాకపోతే ఎవరో పాస్‌వర్డ్ ఫైల్ లేదా ఎన్ఎస్‌స్విచ్.కాన్ఫ్ పర్మిషన్లు బిగించేశారన్నమాట. రెండూ 644 ఉండాలి. "సెక్యూరిటీ కోసం" 600 చేసిన వాళ్లని చూశాను. ఎవరికీ రాకపోతే ఎల్‌డ్యాప్ (యూజర్ల వివరాలన్నీ ఒకే చోట ఉంచే డైరెక్టరీ) వైపు చూడాలి, ఎస్ఎస్ఎస్‌డీ నడుస్తోందా అని.

నిజామాబాద్ నరేష్

యూజర్‌యాడ్ పెట్టిన, పోయింది మేడమ్. ఇంకొక్కటి అడుగుత. నన్ను డాకర్ గ్రూప్‌ల కలిపిండ్రు. `ఐడీ నరేష్` కొడితే డాకర్ కనబడుతుంది. ఉత్త `ఐడీ` కొడితే కనబడ్తలేదు. పర్మిషన్ డినైడ్ వస్తుంది.

శారద (మోడరేటర్)

చాలా మంచి పరీక్ష చేశారు, చాలామందికి ఈ తేడా తెలియదు. పేరు ఇచ్చి కొడితే డేటాబేస్‌లో ఉన్నది చెబుతుంది. పేరు లేకుండా కొడితే ఈ ప్రాసెస్ దగ్గర నిజంగా ఉన్నది చెబుతుంది. గ్రూపులు లాగిన్ అప్పుడు ఒక్కసారే అంటుకుంటాయి, తర్వాత గ్రూప్ ఫైల్ మార్చినా నడుస్తున్న షెల్‌కి తెలియదు. లాగౌట్ అయి రండి. టీమక్స్ ఉంటే సర్వర్ కూడా ఆపాలి, లేకపోతే పాత గ్రూపులతోనే కొత్త కిటికీలు వస్తాయి. వీఎస్ కోడ్ రిమోట్ వాడేవాళ్లకీ ఇదే అవస్థ, దాని సర్వర్ ప్రాసెస్ వెనక మిగిలిపోతుంది. తొందరగా కావాలంటే `న్యూజీఆర్‌పీ డాకర్`, కానీ అది ఆ ఒక్క షెల్‌కే. డాకర్ గ్రూపులో ఉండటం రూట్ ఇచ్చినట్టేనని మాత్రం గుర్తుంచుకోండి.

విండోస్‌లో ఉబుంటూ

నాకు డబ్ల్యూఎస్ఎల్‌లో (విండోస్ లోపల నడిచే లినక్స్) లాగ్‌నేమ్ కొడితే "నో లాగిన్ నేమ్" వస్తుంది. ఒక ఇన్‌స్టాలర్ అక్కడే ఆగిపోతోంది.

పాతకాపు

డబ్ల్యూఎస్ఎల్‌లో అసలు లాగిన్ జరగలేదు కదా, తలుపు లేకుండానే షెల్ తెరుచుకుంది. ఆ ఇన్‌స్టాలర్‌ని సుడోతో నడిపిస్తుంటే దానికి కావాల్సింది సుడో_యూజర్ వేరియబుల్, సుడో కొట్టిన మనిషి పేరు అందులో ఉంటుంది. స్క్రిప్టులో లాగ్‌నేమ్ ఉన్న చోట అది పెట్టు. ఆల్పైన్ లినక్స్‌లో ఇంకో వింత ఉంది: అక్కడి మజిల్ లైబ్రరీలో గెట్‌లాగిన్ ఉత్త $లాగ్‌నేమ్ వేరియబుల్‌ని తిరిగిస్తుంది. యూటీఎంపీ ఫంక్షన్లు పేరుకే ఉన్నాయి, ఏమీ చేయవు. ఒకే కమాండ్, మూడు చోట్ల మూడు మూలాలు.

బీఎస్‌డీ బాలు

పాతకాపు గారూ, మా వైపు సంగతి కూడా చేర్చనివ్వండి. ఫ్రీబీఎస్‌డీలో లాగిన్ పేరుని కెర్నెలే సెషన్‌కి కట్టి ఉంచుతుంది, సెట్‌లాగిన్ అనే సిస్టమ్ కాల్‌తో రూట్ మాత్రమే రాయగలదు. అక్కడ టూర్ అనే ఖాతా కూడా ఉంటుంది, రూట్ లాగే దానికీ యూఐడీ 0. టూర్‌గా లాగిన్ అయి హూయామై కొడితే రూట్ అంటుంది, ఎందుకంటే 0 కోసం వెతికితే ముందు దొరికే పేరు అదే. లాగ్‌నేమ్ కొడితే టూర్ అంటుంది. నంబర్ నుంచి పేరుకి వెనక్కి వెళ్లడం ఎప్పుడూ ఊహే అని నాకు అర్థమైంది అక్కడే.

డెబియన్ దుర్గ

నా ప్రశ్న చిన్నది. డెబియన్ 13కి మారాక, ఎవరెప్పుడు లాగిన్ అయ్యారో చూపే `లాస్ట్` కమాండ్ లేదు, `లాస్ట్‌లాగ్` కూడా లేదు. ఎవరైనా హ్యాక్ చేసి తీసేశారేమోనని కంగారు పడ్డాను.

శారద (మోడరేటర్)

హ్యాక్ కాదు దుర్గ గారూ. పాత డబ్ల్యూటీఎంపీ, లాస్ట్‌లాగ్ ఫైళ్లలో టైమ్ 32 బిట్లలో ఉంటుంది. 2038 జనవరి 19న మన టైమ్ ప్రకారం ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకి అది నిండిపోతుంది. అందుకని వాటిని మార్చారు. డబ్ల్యూటీఎంపీడీబీ ప్యాకేజీ వేసుకుని `డబ్ల్యూటీఎంపీడీబీ లాస్ట్` కొట్టండి, రెండోదానికి `లాస్ట్‌లాగ్2` ఉంది. పాత ఫైళ్లని చదివే స్క్రిప్టులు మీ దగ్గరుంటే ఇప్పుడే వెతికి పెట్టుకోవడం మంచిది.

ప్రొడ్‌సపోర్ట్ వేణు

అందరికీ అప్‌డేట్. ఆడిట్ వాళ్ల ముందు టెస్ట్ సర్వర్లో చేసి చూపించాం. ఏయూసెర్చ్‌లో నా అటాచ్ వరుస దొరికింది. ఆవిడ మీద విచారణ మూసేశారు, రికార్డులో నా పేరు సరిచేశారు.

ఇప్పుడు మా మేనేజర్ టీమక్స్ మొత్తం నిషేధిస్తానంటున్నారు. రాత్రి రిలీజుల్లో నెట్ తెగితే మాకు అదే ఆధారం. ఏం చెప్పమంటారు?

పాతకాపు

నిషేధం అక్కర్లేదు. వరుస మార్చండి చాలు. ముందు సొంత ఐడీలో టీమక్స్ తెరవాలి, దాని లోపల యాప్‌యూజర్‌గా మారాలి. అప్పుడు సర్వర్ నీది, సాకెట్ నీది, పుట్టే ప్రతి ప్రాసెస్ మీదా నీ గుర్తే. సహోద్యోగులు దాంట్లోకి పొరపాటున కూడా రాలేరు. నెట్ తెగినా పని ఆగదు.

రెండోది, `సుడో ఎస్‌యూ - యాప్‌యూజర్` మానేసి `సుడో -ఐయూ యాప్‌యూజర్` వాడండి. ఎస్‌యూ డ్యాష్ ఎన్విరాన్‌మెంట్‌ని ఊడ్చేస్తుంది, సుడో_యూజర్ అందులో పోతుంది. సుడో -ఐ దాన్ని ఉంచుతుంది. స్క్రిప్టులో లాగిన్‌యూఐడీ, సుడో_యూజర్ రెండూ చదివించు. రెండూ కలవకపోతే డిప్లాయ్‌మెంట్ ఆపేయాలి. సుడో_యూజర్ ఒక్కదాన్నే నమ్మకండి, అదీ ఎవరైనా మార్చగల వేరియబులే. లాగిన్‌యూఐడీ ఒకసారి పడ్డాక మార్చాలంటే ప్రత్యేక హక్కు కావాలి. `ఆడిట్‌సీటీఎల్ --లాగిన్‌యూఐడీ-ఇమ్యూటబుల్` పెడితే రూట్ కూడా మార్చలేడు. అది మీ సర్వర్లలో ఉండాలని నా గట్టి అభిప్రాయం, కానీ కంటైనర్ల లోపల ఎస్ఎస్‌హెచ్ లాగిన్లు ఉంటే ముందు టెస్ట్ చేసుకోండి.

ప్రొడ్‌సపోర్ట్ వేణు

సుడో -ఐయూ కొడితే "నాట్ అలౌడ్" అంటోంది గురువుగారూ. పాతది మాత్రం పనిచేస్తోంది.

శారద (మోడరేటర్)

మీ సుడోయర్స్‌లో (సుడో అనుమతుల ఫైలు) ఉన్న అనుమతి రూట్‌గా `/బిన్/ఎస్‌యూ - యాప్‌యూజర్` నడపడానికి. ఇప్పుడు మీరు అడుగుతున్నది నేరుగా యాప్‌యూజర్‌గా మారడం, అది వేరే రూల్. అడ్మిన్ టీమ్‌ని అడిగి, మీ గ్రూప్‌కి రన్‌యాజ్ దగ్గర యాప్‌యూజర్ పెట్టి కొత్త వరుస రాయించుకోండి. ఆ ఫైల్‌ని తప్పుల్లేకుండా మార్చే వీసుడోతోనే రాయమనండి. కొత్తది పనిచేస్తోందని అందరూ చూసుకున్నాక పాత వరుస తీయించేయండి. అప్పటిదాకా రెండూ ఉండనివ్వండి, రాత్రి రిలీజ్ మధ్యలో ఎవరూ బయట చిక్కుకోకుండా.